తగ్గిన ఒక్క ఓటు

నారాయణఖేడ్‌కు పది కిలోమీటర్ల దూరంలో ఒక ఊరు. పొద్దున ఎనిమిది గంటలు. విజయమ్మ అరుగు మీద కూర్చుని కందులు చెరుగుతోంది. ఆమె మరిది సంగమేశ్ పార్టీ మీటింగు కోసం ఖేడ్‌కు బయల్దేరుతున్నాడు.

"మళ్ళొక్కసారి చెప్పు."

"ఏం చెప్పాలె వదినె? బండి తీస్తున్న, కనవడ్తలేదా?"

"నిన్న శివానికి చెప్పినవ్ కద. ఓటు ఎట్ల ఎయ్యాలె, ఎట్ల ఎయ్యొద్దు అని. గది."

"నీకెందుకే ఇప్పుడు? గప్పుడు ఎంపీటీసీవి నువ్వు. ఇప్పుడు నీ కోడలు. ఆమెకు చెప్పిన, ఆమె విన్నది."

"రొట్టెలు కొట్టుకుంట సగమే విన్న. చెప్పు."

"నువ్వు ఇడిసిపెట్టవు. సరే. ఇది ఎమ్మెల్సీ ఓటు. మామూలు ఓటు లెక్క మిషన్ ఉండదు, బటన్ ఉండదు. ఊరోళ్లందరు ఎయ్యరు, ఎంపీటీసీల వంటి గెలిచినోళ్లే ఎయ్యాలె. కాగితం ఇస్తరు, ఊదా రంగు పెన్ను ఇస్తరు. మన మనిషి పేరు ముంగట ఒకటి అంకె ఏసి, మలిచి, పెట్టెల ఎయ్యాలె. అయిపాయె."

"ఎట్ల ఎయ్యొద్దు?"

"టిక్కు పెట్టొద్దు. సొంత పెన్ను తియ్యొద్దు. పేరు రాయొద్దు, సంతకం పెట్టొద్దు, వేలిముద్ర..."

"సంతకం పెడితే?"

"చెల్లదు. ఓటు ఎవ్వలదో తెలిసిపోతది కద. గందుకే పక్కకు పడేస్తరు. వదినె, చాట జెర అటు తిప్పు. నా సంచి మీద దుబ్బ పడ్తుంది."

"గా సంచిల ఏమున్నది?"

"కాగితాలు. మన మండలంల ఎమ్మెల్సీ ఓట్లు ఇప్పటిదాంక ఎట్ల పడ్డయి, ఏ సారి ఎవ్వలు మనతోని ఉన్నరు, ఎవ్వలు జారిండ్రు, అంత రాసుకరమ్మన్నరు. పదకొండు గంటలకు పార్టీ పెద్ద ప్రతాప్ పటేల్ ముంగట సదవాలె."

"నాకు సదివి చూపెట్టు."

"ఏందే ఇయ్యాల నీ కథ? ఓట్లకు ముందుగాల పార్టీ క్యాంపుల ఏడు దినాలు బిర్యానీ పెడితే జొన్నరొట్టె కావాలని ఏడ్చినదానివి. ఇప్పుడు రాజకీయం మీద ప్రేమ పుట్టిందా?"

"సదువు సంగమేశ్."

"మొదటిసారి. పది ఓట్లల తొమ్మిది మనయి. ఆ ఒక్కటి బాలకిషన్‌ది. ఆయన ముందుగాల్నే చెప్పిండు, నేను మీ దిక్కు కాదని. రెండోసారి పోటీనే లేదు, ఏకగ్రీవం. మూడోసారి, ఆరేండ్ల కింద. పదకొండు మంది మాటిచ్చిండ్రు, పది పడ్డయి. చాలా?"

"పక్కకు ఏం రాసినవ్?"

"ఉన్నదే రాసిన."

"నాకు అక్షరాలు వస్తయి. ఎర్ర పెన్నుతోని రాసినవ్. లాజరు అని. దాని కింద ఇంకేమో ఉన్నది."

"ఈ ఇంటోళ్లను నమ్మరాదు అని. పార్టీ రాయమన్నది, రాసిన."

"వాడు పోయి పదకొండు దినాలైంది."

"పోయిండు, పాపం. సచ్చినోని మీద నాకేం కోపం? కానీ జరిగింది జరిగిందే కద. మనూరికి రెండు సీట్లు. ఒకటి నీది, ఒకటి వాడిది. ఊరి ఇజ్జత్ తీసిండు."

"పేరు కొట్టెయ్యి."

"ఏంది?"

"లాజరు పేరు. మీటింగుల సదవకముందే కొట్టెయ్యి."

"ఎట్ల కొట్టేస్త? వాని కొడుకు గిద్యోను ఉన్నడు కద. నిన్ననే వచ్చి రోడ్డు అడిగిండు. ఎవ్వల కొడుకో పటేల్‌కు ఎరుక ఉండాలె."

"రోడ్డు ఎందుకడిగిండు? పట్నం నుంచి శవాన్ని తెచ్చిన బండి సిమెంటు రోడ్డు ఆగినకాడ ఆగింది. అక్కడినుంచి బురదల మోసుకపోయిండ్రు. నలుగురే. భుజం మార్చుకోనీకి ఐదోవాడు లేడు. నేను ఈ అరుగు మీదనే కూసోని చూసిన. లేవలే."

"ఎవ్వలు లేవలే. నువ్వొక్కదానివేనా?"

"రోడ్డు వాని ఇంటికి రెండిండ్ల ముందట ఎందుకు ఆపిండ్రు?"

"నీకు తెల్వదా?"

"నువ్వు చెప్పు."

"ఓటు అమ్ముకున్నడు. అమ్ముకున్నోని ఇంటిదాంక రోడ్డు ఎవ్వలేస్తరు?"

"అమ్ముకుంటుంటే ఎవ్వలు చూసిండ్రు?"

"నెల తిరగకముందే ఇంటి ముంగట బర్రె ఎట్ల వచ్చింది?"

"గది వాని పెండ్లం సుగుణకు తల్లిగారు కంగ్టి నుంచి తోలిచ్చిన బర్రె. ఈనినంక నాకు జున్నుపాలు పంపింది సుగుణ. దొంగ సొమ్ము మాకొద్దని నేనే ఎంకకు పంపిన."

"మంచిగ చేసినవ్. వదినె, నాకు లేటైతుంది. తాళంచెయ్యి ఈడ్నే పెట్టిన, ఏడికి పోయింది?"

"ఎతుక్కోకు. నా కొంగున ఉన్నది."

"ఏంది గిది, చిన్నపిల్ల తీరు? ఇయ్యి."

"నేను సంతకం పెట్టిన."

"దేని మీద?"

"గాసారి, ఆరేండ్ల కింద, ఓటు మీద. ఒకటి ఏసిన. మన మనిషికే ఏసిన. దాని పక్కకు విజయమ్మ అని సంతకం పెట్టిన. క్యాంపుకు పోయేముందు మీ అన్న గుళ్లె దీపం మీద చెయ్యి పెట్టిండు కద, నా బదులు. మా ఇంటి ఓటు తప్పదు, తప్పితే మా ఇల్లు ఆరిపోతది అని. నాకు భయమైంది. రేపు ఎవ్వలన్న ఈమె ఏసిందో లేదో అంటే ఎట్ల? దేవుడు ఎట్లైన చూస్తడు, మనుషులు సుత చూడనియ్యి అనుకోని పేరు రాసిన. నిన్న నువ్వు శివానికి చెప్తుంటే పెనం మీద రొట్టె నల్లగైంది, నాకు తెల్వనే లేదు. ఆరేండ్లు సంగమేశ్. ఊరోళ్లతోని నేను సుత లాజరును దొంగ అన్న."

"సరే. అయిందేదో అయింది. గీ మాట ఈడ్నే ఉండని. శివానికి చెప్పకు. అన్నకు అసలే చెప్పకు. చేనుకాడినుంచి వచ్చే యాళ్లైంది. తాళంచెయ్యి ఇయ్యి."

"నిజమా అని అడుగలే నువ్వు."

"ఏమడగాలె?"

"ఇంత మాట చెప్తే నీకు పరేషాన్ కాలే. కూరల ఉప్పు తక్కువైతే ఇల్లు ఎగిరేటట్టు ఒర్రుతవ్. ఇప్పుడు, నీ తెలివి తెల్లారా, సంతకం ఎందుకు పెట్టినవే అని ఒక్క మాట తిట్టలే."

"టైం లేదు గనక తిట్టలే. వచ్చినంక తిడుత."

"నిన్న శివాని ఇంకొకటి అడిగింది నిన్ను. చిన్నమామా, నేను ఎవ్వలకు ఏసిన్నో తర్వాత తెలుస్తదా అని. ఏం చెప్పినవ్?"

"తెల్వదన్న."

"ఎందుకు తెల్వదు?"

"అన్ని సెంటర్ల కాగితాలు ఒక్కకాడ పోసి కలుపుతరు. ఖేడ్‌యి, సంగారెడ్డియి, జహీరాబాద్‌యి, అన్నీ. కలిపినంకనే లెక్కవెడ్తరు. ఏ కాగితం ఏ మండలందో దేవునికి సుత తెల్వదు."

"మరి నీకెట్ల తెలిసింది?"

"ఏంది తెలిసేది?"

"లెక్కవెట్టే కాడికి ఏజెంటుగ పోయింది నువ్వు. పొద్దుమూకినంక ఇంటికొచ్చినవ్. చెప్పులు ఇడువకముందే, మన మండలందే ఒకటి పోయింది అన్నవ్. నేను చెంబుతోని నీళ్లు ఇచ్చిన. అన్నీ కలిపినంక, పోయింది మన మండలందని నీకెట్ల తెలిసింది సంగమేశ్?"

"వదినె..."

"నీళ్లు తాగలే నువ్వు. చెంబు అట్లనే పెట్టినవ్. గది సుత యాదికున్నది."

"వదినె, ఊకో."

"చూసినవ్."

"ఆ."

"నా సంతకం."

"చెల్లని కాగితాలు ఏజెంట్లకు చూపెడ్తరు. ఆఫీసరు ఎత్తి పట్టుకున్నడు. విజయమ్మ. మొదటి అక్షరం పెద్దగ, కడమయి చిన్నగ, కింద గీత. నీ రాతనే అని గుర్తువట్టిన. ఆడున్నోళ్లకు ఏ ఊరి విజయమ్మనో ఏం ఎరుక? పక్కకు పెట్టిండు. బయటికొస్తే ప్రతాప్ పటేల్ నిలవడి ఉన్నడు. మీ దిక్కు ఎవ్వలన్న తప్పిండ్రా అన్నడు."

"నువ్వేమన్నవ్?"

"అన్నకు గుండె ఆపరేషనై నెల కాలే. దీపం ముట్టొచ్చిన మనిషి. మన ఇంటి ఓటే పోయిందంటే ఆ దినమే పోతుండె."

"నువ్వేమన్నవని అడుగుతున్న."

"లాజరు అన్న."

"పదకొండు మంది పోయినం. బస్వరాజ్ ఉన్నడు, సుధాకర్ ఉన్నడు. వాడే ఎందుకు?"

"బస్వరాజ్ పేరు చెప్తే వాని అన్నదమ్ములు, కులపోళ్లు ముప్పై మంది మీదికొస్తరు. లాజరు ఎనుక ఎవ్వలున్నరు? వాడి పేరైతే ఎవ్వలు ఎదురు అడగరని... నోట్ల అదే వచ్చింది. నాలుగు దినాలైతే మర్చిపోతరనుకున్న. ఊరు ఇడిసి పోతడని, పట్నంల వాచ్‌మన్‌గ బతికి జొరమొచ్చి సస్తడని నేను అనుకోలే. నా బిడ్డ మీద..."

"ఒట్టు పెట్టకు. ఈ ఇంట్ల పెట్టిన ఒట్లు చాలు."

"నేను సుత మనిషినే వదినె. గిద్యోను నిన్న వచ్చి నిలవడితే వాడి మొఖం దిక్కు చూడలేకపోయిన."

"గా సంతకం నాకు ఎవ్వలు నేర్పిండ్రో ఎరుకేనా?"

"అన్న నేర్పలేదా?"

"మీ అన్న నేర్పుతడా? కొత్తగ గెలిచినప్పుడు నా సంతకాలన్నీ ఆయననే పెట్టేటోడు. లాజరు చూసిండు. అక్కా, గెలిచింది నువ్వు, బావ కాదు, నీ పేరు నువ్వు రాయి అన్నడు. మండలాఫీసు బయట బల్ల మీద కూసోవెట్టి, మిర్చిబజ్జీలు కట్టిన పేపరు మీద రాయించిండు. ఎన్ని మీటింగులో. కింద గీత సుత వాడు చెప్పిందే. గీత గీస్తే దొంగ సంతకం ఎవ్వలు పెట్టలేరంట."

"నాకు తెల్వదు వదినె."

"గుడి ముంగట పంచాయతి పెట్టి నిలవెట్టిండ్రు వాడిని. దీపం ముట్టు, లేకపోతే మీ బైబిలన్న ముట్టు అన్నరు. ఏదీ ముట్టలే. నా ఓటు నేను మంచిగనే ఏసిన, ఇంకేం అడుగకుండ్రి అన్నడు. నువ్వు కాకపోతే ఇంకెవ్వలు అని ఒర్రిండ్రు. వాడు తల ఎత్తి ఒక్కపారి నా దిక్కు చూసి మళ్ల వంచిండు. తప్పు చేసిండు గనకనే వంచిండనుకున్న."

"ఇప్పుడు అయన్ని ఎందుకే."

"పట్నం పోయే దినం ఖేడ్ బస్టాండుల కనవడ్డడు. నెత్తి మీద బియ్యం మూట. అక్కా, పోయొస్త అన్నడు. మనింట్ల నుంచి పోతున్నట్టే చెప్పిండు. నేను మొఖం తిప్పుకున్న."

"ఏడువకు. అన్న వస్తడు."

"రానియ్యి. ఎర్ర పెన్ను తియ్యి. వాడి పేరు కొట్టి నా పేరు రాయి. పదకొండు గంటలకు అందరి ముంగట సదువు. నేను సుత బండి మీద వస్త."

"పిచ్చి లేసిందా? శివాని సంగతి ఏంది? అన్న ప్రమాణం సంగతి ఏంది?"

"మా ఇంటి ఓటు తప్పదని కద ఆయన దీపం ముట్టింది. తప్పలే. ఒకటి ఏసిన. దేవుని కాడ సుత చెల్లిన ఓటు, చెల్లని ఓటు అని ఉంటయా? ఉంటయేమో, నాకు తెల్వదు. కానీ మన ఇల్లు ఆరిపోవద్దని పక్కోని ఇల్లు ఆర్పినం. రోజు పొద్దుగాల దీపం పెట్టుకుంట ఏం మొక్కిన్నో నాకే సమజైతలేదు."

"ఇప్పుడు చెప్తే ఎవ్వలకు లాభం? వాడు లేనే లేడు."

"సుగుణ ఉన్నది. గిద్యోను ఉన్నడు. రోడ్డు ఆగినకాడ్నే ఉన్నది."

"సరే, కొట్టేస్త. ఇగో, కొట్టేసిన. నీ పేరు మాత్రం రాయ. ఆ జాగ ఖాళీ ఉండని."

"ఖాళీ ఉంచితే జనం మళ్ల వాడి పేరే నింపుకుంటరు."

"అన్న నా మొఖం చూడడు వదినె."

"నాది సుత చూడడు. ఇద్దరం ఉంటం. రాయి సంగమేశ్."

"రాసిన. చూస్కో. ఓటు మన మనిషికే, సంతకం పెట్టుడుతోని చెల్లలేదు, విజయమ్మ. సరేనా? తాళంచెయ్యి ఇయ్యి, ఎక్కు. ఒక్కటే మేలు వదినె. గా ఓటు మనింటిదని లాజరుకు తెల్వదు. ఎవ్వలిదో తెల్వకుండనే, మనలను తిట్టుకోకుండనే పోయిండు."

"వాడికి తెలుసు. ఓటేసి బయటికి రాంగనే మొదలు వాడికే చెప్పిన. తమ్మీ, నువ్వు నేర్పిన సంతకం సుత పెట్టొచ్చిన, కింద గీతతోని అని. జెరసేపు నా మొఖం దిక్కే చూసిండు. మస్తు చేసినవక్కా, గీ మాట ఇంకెవ్వలకు చెప్పకు అన్నడు. దిష్టి తగుల్తదని అంటుండనుకున్న నేను."