నాణెంతో గీకిన వీపు

అమ్మలారా, అయ్యలారా, ఇంత వానలో కొండ దిగి వచ్చారు. ఆరోగ్య కేంద్రం వసారా చాలక గొడుగుల కింద నిలబడ్డారు. మన నర్సు సుమినార్ గారు బండి జారిపడి చనిపోయి ఇవాళ్టికి ఏడు రోజులు. నేను సోయా గింజలు పులియబెట్టి టెంపే చేసి అమ్ముకునే వార్సియెమ్‌ని, ప్రసంగాలు రావు. పైగా భయంగా ఉంది. ఎందుకో చెబుతాను.

మా ఆయన కార్తో గుండె లయ తప్పి కొట్టుకుంటుంది. రక్తం గడ్డకట్టకుండా రోజూ మాత్ర వేసుకోవాలి. ఒకరోజు దడగా ఉందన్నాడు. గాలి పట్టిందన్నాను. మీరు అనరా? ఒంట్లో గాలి పోవాలని మనందరం చేసేట్టే వీపుకి నూనె రాసి నాణెంతో గీకాను. ఎర్రబడాల్సిన చోట నల్లగా కమిలింది. అబ్బో, ఎంత గాలి వదిలిందో అని మురిసిపోయాను!

సుమినార్ గారు చొక్కా ఎత్తి చూసి బెదిరిపోయారు. "అది గాలి కాదక్కా, చర్మం కింద రక్తం. ఆ మాత్ర వేసుకునేవాళ్లని గీకితే లోపల రక్తం ఆగదు. ఆ నాణెం ఇలా ఇవ్వు" అన్నారు. ఇచ్చాను. ఆమె వెళ్లాక నేనేం చేశాను? ఆ మాత్రే చంపుతోందనుకుని దాన్ని ఆయనకివ్వకుండా దాచేశాను. తొమ్మిది రోజులు!

పదో రోజు ఆమె మళ్లీ వచ్చేసరికి మా ఆయన వేళ్లు టీ గ్లాసు పట్టలేకపోతున్నాయి. మూతి పక్కకి జారింది. నేను నూనె సీసా కోసం లేచాను. "కదిలావంటే ఊరుకోను, కూర్చో!" అని అరిచి, వీధిలో కూరగాయల వ్యాను ఆపి, క్యాబేజీల మధ్య పడుకోబెట్టి పట్నం తీసుకెళ్లారు. కుడి చెయ్యి ఇంకా నీరసమే. మనిషి మాత్రం ఉన్నాడు. అదిగో, మూడో వరుసలో.

నేను ఏడిస్తే ఆమె తిట్టలేదు. "తప్పు నాది కూడా అక్కా. నాణెం లాక్కున్నాను గానీ, మాత్ర ఆపొద్దని చెప్పలేదు" అన్నారు. అప్పటి నుంచి ఏ ఇంటికెళ్లినా ఆ మాట మూడుసార్లు చెప్పేవారు. ఈమె మళ్లీ మొదలెట్టిందిరా బాబూ అని విసుక్కున్నాం. విసుక్కున్నామా, లేదా?

ఇలాంటి గుండెజబ్బు వాళ్లు మన కొండ మీద ముప్పై ఒక్కరు. కొత్త నర్సు ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పడం లేదు. నిన్న మా ఆయన మళ్లీ దడగా ఉందన్నాడు. నా చెయ్యి మళ్లీ నూనె సీసా మీదికే వెళ్లింది. ఆమె పోయి నిన్నటికి ఏడు రోజులైనా కాలేదు, ఇంతలోనే! అందుకే నాకు భయం.

ఇక అందరూ లేవండి. ఒక్క నిమిషం మౌనంగా నిలబడదాం. ఊరికే తల వంచుకోకండి. పక్కవాళ్ల మణికట్టు మీద, బొటనవేలి కింద, మూడు వేళ్లు పెట్టి చూడండి. వరసగా కొట్టుకుంటే సరే. ఎక్కడైనా తప్పినట్టు తోస్తే మాత్రం మౌనం అక్కర్లేదు, గట్టిగా అరవండి.