మూగ బొమ్మకు నాయిన పద్యాలు

"అవ్వా, గీ రేకు డబ్బల ఏముండె?"

చెప్త బిడ్డ. ముందుగాల గా ఫోనుల నా మాట ఎక్కుతున్నదా సూడు. ఎక్కుతున్నదా? మంచిది. మొన్న దవాఖాన నుంచి వచ్చినంక యాది సక్కగ ఉంటలేదు. నిన్నటి సంది ఒక పద్యం దొరుకుతలేదు, నాకు గదే ఫికరు.

గా డబ్బల సిన్మ రీలుండె. మూగ సిన్మ. అడవిల పండుకున్న రాణిని రాజు ఇడిచిపెట్టి పోతడు సూడు, గా కావ్యం కథ. నేను పుట్టకముందు ముచ్చట. మా నాయిన ఊరూరు తిరిగే డేరా సిన్మల తెర పక్కన నిలబడి, బొమ్మ కదిలినకొద్ది పద్యాలు సదివెటోడు. టికెట్టు అణానో, రెండణాలో. పెద్దపల్లిల మా మేనమామ గూడ సూసిండట, డేరల ఎక్కెక్కి ఏడ్చిండని అమ్మ నవ్వేది. ఏడికో పోతున్న సూడు. మాట్లాడే సిన్మలొచ్చినంక నాయినకు పని లేకపాయె. డేరా ఆసామి గీ ఒక్క రీలు చేతుల పెట్టి పంపిండు.

ఆ బొమ్మ నేను ఒక్కసారి గూడ సూడలే. పద్యాలే నేర్చుకున్న, బొమ్మలొచ్చే వరుసల, ముప్పై రెండు.

పెండ్లయినంక డబ్బ నాతోటే గీ క్వార్టరుకొచ్చింది. మీ తాత బొగ్గుబాయిల గ్యాసు సూసెటోడు గదా. పాత రీలు భగ్గున అంటుకుంటదని ఆయనకు ఎవలో చెప్పిండ్రట. బాయిల బొగ్గు తీసిన జాగల మంట లేవకుంట నీళ్లతోటి ఇసుక నింపుతరు, ఎరికే గదా? గట్లనే డబ్బ నిండ తడి ఇసుక కూరి, సొరపాదు కింద పాతిపెట్టిండు. నేను ఊరికి పోయొచ్చి తవ్వేసరికి రీలంత బెల్లం పాకం లెక్క అయ్యింది. నెల దాక ఆయనతోటి మాట్లాడలే. పాపం, ఇల్లు కాపాడిన అనుకున్నడు.

ఇగ మిగిలింది నా నోరే. అదీ పోతున్నది. రాజు రెండడుగులు పోయి, మళ్ల ఎన్కకొచ్చి రాణి మొకం సూస్తడు. అక్కడి పద్యమే పోయింది. ముందటిది వస్తున్నది, దాని తర్వాతది వస్తున్నది, నడిమిది రాదు. జనం ఏడుస్తుంటే నాయిన అక్కడ సదవకుంట ఊకున్నడేమో... గట్లనుకుంటే నాకు జర నిమ్మళం. కాదు బిడ్డ. సదివిండు. నేనే మరిచిన.

ఫోను ఆపకు. మళ్ల మొదటికెళ్లి సదువుత, ఆ ఊపుల వస్తదేమో. నువ్వు గూడ నా ఎన్క అనుకుంట రా. సల్లగుండు తల్లి, నీ నోట్లనన్న ఉండనీ... ఆఁ, మొదటిది...