నూనె మీద నడిచే గుండె

హైదరాబాద్ మొత్తంల నా గుండె అసొంటి గుండె ఇంకోటి లేదు. మొత్తమంటే మరీ మొత్తం గాదు, నాచారం వరకు. నాచారంల గూడ మా గల్లీ వరకు, గల్లీల మా బిల్డింగు వరకు, బిల్డింగుల మూడో అంతస్తు వరకు. ఆ అంతస్తుల ఉండేది నేనొక్కన్నే, అది వేరే ముచ్చట.

మొన్న గురువారం పొద్దుగూకంగ చాయ్ అక్క దుకాణం ముంగట బెంచి మీద కూసొని గిట్లనే మొదలువెట్టిన. వినేటోళ్ళు ఇద్దరు. ఒకరు ఉమాపతి సారు, ఎదురు అపార్టుమెంటుల వాచ్‌మన్, డ్యూటీ దిగి వచ్చిండు. ఇంకొకరు నరేందరన్న, ఆటో నడుపుతడు. ఆ ఆటోకు గ్యాస్ కిట్టు బిగించింది నేనే గాబట్టి ఆయనకు నా మాట వినక తప్పది. అక్క స్టవ్వు కాడ ఉన్నది. ఆమె వింటదో లేదో ఎవరికి తెల్వది. నాలుగేండ్ల సంది ఆమె చేతి చాయే తాగుతున్న, ఆమె మాత్రం నా కథ ఒక్కటి గూడ మెచ్చుకోలే.

"నీ గుండెకేమైంది టిమోతీ?" అన్నడు ఉమాపతి సారు. గంతే కావాలె నాకు.

ఏం కాలేదు సారూ, దాని గొప్పతనం బయటపడ్డది అన్న. నేను పనిజేసే మెకానిక్ షెడ్డు ఓనరు పనోళ్ళందరికి ఉప్పల్ల రక్త పరీక్షలు జేయించిండు. పన్నెండు గంటలు ఏం తినకుండ పరగడుపున పోవాలె. నేను పద్నాలుగు గంటలున్న. నరేందరన్న నా పొట్ట దిక్కు చూసిండు. సరే, అందుల ఎనిమిది గంటలు నిద్రనే, అయినా ఉపాసం ఉపాసమే గద. సూది గుచ్చిన పిల్ల పేరు శారద. రక్తం సీసల పట్టి, మిషిన్ల తిప్పి, బయటికి తీసి వెలుతురుకు పెట్టి చూసింది. పైన పసుపుపచ్చగ తేరుకోవాలె. నాది తెల్లగ, పాల లెక్క తేరుకున్నది. అన్నా, నిజంగ పరగడుపునే వచ్చినవా అని మూడుసార్లు అడిగింది. రక్తంల కొవ్వు, ట్రైగ్లిజరైడ్లు అంటరు దాన్ని, నూటయాభై లోపల ఉండాలె. నాకు ఎనిమిది వందల నలభై.

ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ సీసను బల్ల మీద పెట్టి పిల్ల అటు తిరిగి ఇటు తిరిగే లోపల మీగడ కట్టింది. ఆ వాసనకు ఉప్పల్ల ఉన్న పిల్లులన్ని లాబు మెట్ల మీద వరుస కట్టినయి. పాల పాకెట్లు ఏసెటాయన లోపలికొచ్చి, ఇది ఏ డెయిరీది, లీటరు ఎంతకిస్తరు అని అడిగిండు. డాక్టరు గంగాధరరావు సారు పై అంతస్తు నుంచి స్వయంగ దిగొచ్చి నా చెయ్యి పట్టుకున్నడు. తమ్మీ, పదిహేను వందలు నా సర్వీసుల చూడలే అన్నడు.

"ఇందాక ఎనిమిది వందలంటివి," అన్నడు ఉమాపతి సారు.

చెప్తుంటే పెరుగుతది సారూ, అసొంటి రక్తం అది.

ఇగ డాక్టరు చెప్పింది ఉన్నదున్నట్టు చెప్తున్న, ఇందుల కోత లేదు. గుండె ఒక్క నిమిషం గూడ ఆగది, గందుకని దానికి ఎప్పుడూ తిండి గావాలె. మంచిగున్న గుండె కొవ్వును ఎక్కువ కాలుస్తది, చక్కెరను గూడ కాలుస్తది, అవసరాన్ని బట్టి దీని మీదికెళ్ళి దాని మీదికి మారుతది. అచ్చం నరేందరన్న ఆటో, గ్యాసు మీద ఉరుకుతది, పెట్రోలు మీద ఉరుకుతది. నా రక్తంల కొవ్వు గంతగనం ఉండేసరికి గుండె చక్కెర మొఖం చూసుడు తగ్గించింది. స్విచ్చి కొవ్వు మీదనే ఇరుక్కపోయింది. కొవ్వు మీదనే నడిస్తే, చేసేది అంతే పనైనా ఆక్సిజన్ ఎక్కువ గావాలె. కాలకుండ మిగిలిన కొవ్వు పోయి గుండె కండ లోపల్నే పేరుకుంటది, ప్లగ్గుకు మసి పట్టినట్టు. గట్లయితే గుండె అలసిపోతదట. సోమవారం పదింటికి రా, మిషిను మీద నడిపించి ఎట్ల ఆడుతదో చూస్త, ఇంటోళ్ళను ఒకరిని వెంబడి తీస్కరా అన్నడు.

ఎందుకంటరు? సాక్ష్యం. గింత వింత జరుగుతుంటే చూసేటోడు ఒక్కడన్న ఉండొద్దా? ఆ అదృష్టం మీ ఇద్దర్ల ఎవరిదో తేల్చుకోండ్రి అన్న.

ఉమాపతి సారుకు సోమవారం పగటి డ్యూటీ అట. నరేందరన్నకు పొద్దుగాల బడి పిల్లల ట్రిప్పు, ఆ తర్వాత మల్కాజిగిరి స్టేషనుకు కిరాయి. ఫికర్ లేదు, ఊకెనే అడిగిన అన్న. ఇద్దరి గ్లాసులల్ల చాయ్ అడుగుకు వచ్చింది. లేస్తరేమోనని జల్ది కథ అందుకున్న.

సూడున్రి, స్విచ్చి ఇరుక్కుంటె వేరేటోడు భయపడతడు. నేను పనికి వాడుకున్న. ఆదివారం మా చర్చిల యూత్ మీటింగు నడుమ కరెంటు పోయింది, జనరేటర్ల డీజిలు లేదు. ఎబినేజర్ అయ్యగారు అందరం ప్రార్థన జేద్దామన్నడు. మీరు కండ్లు మూసుకోండ్రి, మిగతాది నేను చూస్కుంట అని, రెండు వైర్లు గుంజి ఒకటి ఛాతి మీద, ఒకటి వీపు మీద పెట్టుకున్న. ఫ్యాన్లు తిరిగినయి. కీబోర్డు మోగింది.

"నీకు షాకు కొట్టలేదా?" అన్నడు నరేందరన్న.

నేనే కరెంటుకు కొట్టిన. ఆ ముచ్చట పాకి నారపల్లి నుంచి ప్లాట్లు అమ్మెటోళ్ళు కారు పంపిన్రు. వెంచర్ల బోరు రెండు వేల అడుగులు దింపిన్రట, మోటరు నీళ్ళను గుంజుతలేదట, జర వచ్చి పక్కకు నిలబడు అన్నరు. నిలబడ్డ. నీళ్ళొచ్చినయి. ఆగమంటె ఆగలే, సగం ప్లాట్లు మునిగి చెరువైంది. మిగిలిన సగం ఇప్పుడు చెరువు కనబడే ప్లాట్లని ధర పెంచి అమ్ముతున్నరు. అక్కడికెళ్ళి వస్తుంటె ఘట్‌కేసర్ల గూడ్సు బండి నిలబడి ఉన్నది, నలభై డబ్బాలు. డ్రైవరు తల బయటికి పెట్టి, నాలుగు వేల కొవ్వు టిమోతివి నువ్వేనా అన్నడు. మాట కాదనలేను గద. నడుముకు తాడు గట్టుకొని మల్కాజిగిరి దాక గుంజుకొచ్చిన, ఉరుకుకుంట. దారిల ఎక్కడ ఆగలే. ఇంత ఆయాసం లేదు, ఇంత చెమట లేదు.

"మూడంతస్తులు ఎక్కేముందు నా బెంచి మీద అరగంట కూసోవాలె నీకు," అన్నది అక్క.

స్టవ్వు తక్కువ జేసి ఇటు తిరిగింది. నేను నవ్వబోయిన. ఆమె నవ్వలే.

"నిన్న లాబు నుంచి శారద అని ఒక పిల్ల ఫోన్ జేసింది. చాయ్ అక్కగారేనా, టిమోతికి మీరు అక్క అయితరట గద అన్నది. రెండు సోమవారాలు ఒక్కనివే పోయినవట. వెంబడి మనిషి లేనిది మిషిను ఎక్కియ్యం అని తిరిగి పంపిన్రట. ఈసారన్న ఎవరినన్న తోలండి అన్నది."

ఉమాపతి సారు గ్లాసు కింద పెట్టిండు. నరేందరన్న తాళంచెవి తిప్పుకుంట నేల చూసిండు.

లాబు ఫారంల ఇంటోళ్ళ పేరు, ఫోన్ నంబరు రాయనీకె ఒక గడి ఉంటది. నేను ఇంటోళ్ళు లేక చర్చోళ్ళ మిషన్ హాస్టల్ల పెరిగినోన్ని, అసొంటి గడి ఎన్నడు నింపలే. ఖాళీగ ఇస్తే ఆ పిల్ల తీసుకోలే. నాకు చూడకుండ నోటికొచ్చే నంబరు ఒక్కటే, ఈ దుకాణం రేకు మీద ఆర్డర్లకని రంగుతోని రాసిన నంబరు. రోజూ ఈ బెంచి మీద కూసుంటె ఎదురుంగ కనబడేది అదే. నంబరు రాసిన. పేరు తెల్వక చాయ్ అక్క అని రాసిన.

"లక్ష్మీనర్సమ్మ," అన్నది. "నాలుగేండ్లయింది, ఒక్కనాడన్న అడుగొద్దా? సోమవారం దుకాణం మా బిడ్డ రాణి చూస్కుంటది, నేనొస్త. నరేందరూ, పిల్లలను దింపి ఆటో ఇక్కడికి తే."

నరేందరన్న తల ఊపిండు.

"కని ఆ డాక్టరు నన్ను అడుగుతడు గద. ఒక్క మనిషి గంత నూనె ఎట్ల తింటడు? నాకన్న నిజం చెప్పు."

కోత ఒకటి నోటిదాక వచ్చింది. మింగిన.

హాస్టల్ల నూటిరవై మందిమి వరుసకు కూసొని తినెటోళ్ళం అక్కా అన్న. రూముల ఒక్కన్నే కంచం ముంగట పెట్టుకుంటె ముద్ద దిగది. గందుకే షెడ్డు బంద్ అయినంక రూముకు చేరేదాక నాలుగు బండ్ల కాడ ఆగుత. మిర్చీలు, సమోసలు, పునుగులు, ఆఖరుకు ఎగ్ నూడుల్స్. ఆకలి మొదటి బండి కాడనే తీరుతది. కని చేతుల ప్లేటు లేనిది ఊకె నిలబడితే, ఏం గావాలె అని అడుగుతరు. ప్లేటుంటె ఎవరన్న జరిగి పక్కకు జాగ ఇస్తరు. నాలుగో బండాయన రోజు మొత్తంల నాతోని మాట్లాడేది ఒక్కటే మాట, ఉల్లిగడ్డ ఎయ్యాల్నా అని.

ఆ మాట కోసం ఆ ప్లేటు తింట.