గడియ బయటి వైపు

హలో… ఆ, నేనే, పుస్తకాల అట్టలు గీసేవాణ్ణి. చెప్పండి రచయితగారూ. బొమ్మ ఫొటో చేరిందా?

… ఊఁ.

… తలుపు, దానికో గడియ. అంతే.

— కాలమా? ఓహో. 'అమ్మ చివరి గడియలు' అంటే మీ లెక్కలో కాలమన్నమాట. నిజమే. మా ఇళ్ళల్లో గడియంటే ముందు తలుపుదే గుర్తొస్తుంది. పల్లెటూరి చదువు, ఏం చేస్తాం.

… అబ్బే, ఎగతాళి కాదు. పుస్తకం మొత్తం చదివాను. ఆవిడ కళ్ళు మూసేదాకా మీరు మంచం పక్కనుంచి కదల్లేదని రాశారు. బాగా రాశారు.

— ఎక్కడ తట్టిందా? మీ ఇంట్లోనే. మొన్న వచ్చినప్పుడు అమ్మగారి గది చూపించారుగా. చూడనిది గీయను నేను. బోర్డులు రాసే మా గురువు అనేవాడు… దూరాన్నించి ఒక్కటే కనపడాలి, చేతిలోకి తీసుకుంటే రెండోది కనపడాలి అని. అంతకుమించి నాకు సూత్రాలేం తెలీవు.

… ఆ. అయితే రెండోది చూశారన్నమాట.

… మరకలు కావండీ. అరచేతులు. తలుపుకి లోపలి వైపున, నేలమీద కూర్చున్న మనిషి చెయ్యి ఆనే చోట రంగు అరిగిపోయింది. దాన్నే బయటికి తేలినట్టు గీశాను. నా కల్పనంటే అదొక్కటే.

— పుస్తకం పేరు దాని మీదికి జరపాలా? గడియ కూడా మూసుకుపోయేలా… జరపొచ్చు. చేతిలో పనే. ఇంతకీ గడియ బయటి వైపు ఎందుకుందండీ?

… వడ్రంగి పొరపాటు. ఊఁ. తలుపు పాతది, గడియ కొత్తది… సరే, అయ్యుండొచ్చు.

… ఇంకోటి. అమ్మ పోయాక ఆ గది ఎవరూ వాడట్లేదన్నారు. మరి మొన్న అక్కడ బల్ల మీద పాలగ్లాసుంది. మీగడ ఇంకా తడిగా ఉంది.

…

… అప్పుడే ఎందుకడగలేదా?

… అప్పుడేం తోచలేదు. ఇంటికొచ్చి గ్లాసు గీస్తుంటే తోచింది. అట్టకి బరువవుతుందని చెరిపేశాను. నాలోంచి చెరగలేదు.

— మీ పెద్దమ్మగారివా ఆ పాలు? అమ్మకి అక్కగారు కదూ. ఆవిడ కూతురింట్లో ఉన్నారన్నారే… వచ్చేశారా. ఆ గదిలోనేనా పడక?

… మరి మనం చూసినప్పుడు ఆవిడెక్కడ… స్నానాల గదిలోనా. దానికీ గడియ బయటేనా?

… కోప్పడకండి. అట్ట వేరేవాళ్ళ చేత గీయించుకోండి, నాకేం బాధ లేదు.

… ఆగండి. ఏంటా చప్పుడు?

… గాలా? గాలి తట్టి, కాసేపు ఆగి విని, మళ్ళీ తట్టదండీ.

… తీయండి. గడియ తీసి ఫోను ఆవిడకివ్వండి. ఒక్క మాట మాట్లాడి పెట్టేస్తా. లేదంటే ఈ బొమ్మ పట్టుకుని నేనే మీ గుమ్మంలో నిలబడతాను, వీధంతా చూస్తుంది.

…

… ఆ. గడియ తీసింది వినపడింది.

… పెద్దమ్మగారా? నమస్కారమమ్మా. అవునమ్మా, మొన్న వచ్చినవాణ్ణే… నా దగ్గు వినపడిందా? అయ్యో… అన్నం తిన్నారా?

… ఊఁ.

… అమ్మా, తలుపు మీద ఆ అరచేతులు… మీవేనా?

… కావా?

… మిమ్మల్ని ఆ గదిలో పెట్టేటప్పటికే ఉన్నాయా…

… మీ చెల్లెలివి.

… హలో? అమ్మా? ఫోనివ్వకండి, పట్టుకునే ఉండండి— హలో—

… అది గడియ తీసిన చప్పుడు కాదు.

… హలో?

ఏమేవ్, ఆ బొమ్మ చుట్టి ఇటు తే. నా చెప్పులు కూడా… పోలీస్ స్టేషన్‌కే… రంగు ఆరలేదా? దారిలో ఆరుతుందిలే, తే.