ఎనక ఎడం చక్రం

అంకమ్మరావు బ్రేకు తొక్కేవాడే కాదు. నవ్వబాకండి, ఉన్నమాటే చెప్తన్నా. కొటారుపాలెం అంకమ్మరావు, ఉప్పు సంఘం కారు తోలేవాడు, వాడే. అది కరెంటు కారు గదా మరి. పెట్రోలు లేదు, డీజిలు లేదు, ఇంట్లో ఫోనుకి పెట్టుకున్నట్టు తీగ తగిలిచ్చి ఛార్జింగ్ ఎక్కియ్యటమే. ఆ బండి గుణం ఏందంటే, తొక్కిన కాలు తీస్తే చాలు, ఎవరో ఎనక పట్టుకుని లాగినట్టు దానంతటదే నెమ్మదయిద్ది. అట్టా నెమ్మదయ్యేటప్పుడు మళ్ళీ కాస్త ఛార్జింగ్ కూడా ఎక్కుద్దంట. ఇంక బ్రేకుతో పనేముంది? టౌనుకి పోయొస్తే అరవై కిలోమీటర్లు. ఆ అరవైలో ఒకసారి తొక్కేవాడేమో, అదీ గేదె అడ్డమొస్తే. అది వాడికి గొప్ప. టీ బంకు దగ్గర కూచుని, నా బండి బ్రేకులు షోరూములో ఎట్టా ఇచ్చారో అట్టానే ఉన్నయ్యి అని చెప్పుకునేవాడంట. వినేవాళ్ళు కూడా అబ్బో అనేవాళ్ళు. తప్పు వాడిదొక్కడిదే కాదులే.

ఆ కారు ఎందుకు కొన్నారంటే, కొటారుపాలేనికి అవతల సముద్రం, ఇవతల ఉప్పుమళ్ళు, మధ్యలో ఇళ్ళు. ఎవరికన్నా ప్రాణం మీదకొచ్చి అంబులెన్సుకి ఫోన్ చేస్తే అది దిగేసరికి గంట. అందుకని మళ్ళ మీద బతికేవాళ్ళందరూ పట్టుబట్టి, రోగాలకీ కాన్పులకీ ఊరికంటూ ఒక బండి ఉండాలని సంఘం చేత కొనిపిచ్చారు. తాళం అంకమ్మరావు చేతిలో పెట్టారు. ఏడాదిన్నరలో పదకొండు మంది పిల్లలు, తల్లుల్ని ఆ కారులో తీసుకుపోతే టౌనులో పుట్టినోళ్ళే. ఆ పదకొండు మంది పేర్లూ వాడికి నోటికొచ్చు. సొంత పిల్లలు లేరు, పెళ్ళే లేదు, ఆ పిల్లల్ని చూసుకునే మురిసిపోయేవాడు.

వాడికి ఒక్కతే అక్క, పిచ్చమ్మ. తల్లి చచ్చిపోతే తనే తల్లయి పెంచింది. మొగుడు ఉప్పు లారీ కింద పడి పోయాడు. చక్రం ఎక్కింది ఆయన మీద. అప్పట్నుంచీ ఆమెకి చక్రం అంటే పడదు. ఆ పాలెంలో ఒక ఆచారం ఉంది, మీ పక్క ఉందో లేదో. దిష్టి తీసిన ఉప్పుని వేరే ఊళ్ళల్లో పొయ్యిలో ఏస్తారు, మూడుదార్లు కలిసే చోట పారేస్తారు. వీళ్ళు పారెయ్యరు. అన్నం పెట్టే ఉప్పుని పారెయ్యటమేందని, చెంబుడు నీళ్ళల్లో కరిగిచ్చి, దిష్టి తీసిన దాని పాదాలకే పోస్తారు. మనిషికైతే కాళ్ళ మీద. బండికైతే చక్రాల మీద. పిచ్చమ్మ ఏం చేసేదంటే, తమ్ముడు కారు తీసే ప్రతి పొద్దునా గుప్పెడు కళ్ళుప్పు తీసుకుని కారు చుట్టూ మూడుసార్లు తిరిగి, చెంబులో కరిగిచ్చి, ముందు చక్రాలకి కాస్త కాస్త, ఎనక కుడి చక్రానికి కాస్త, ఎనక ఎడం చక్రం కాడికొచ్చేసరికి చెంబులో మిగిలిందంతా గుమ్మరిచ్చేది. నా తమ్ముడు పోయిన చోటల్లా తిరిగి రావాల అని పైకే అనేది. వీడు లోపల కూచుని, అయిందా అక్కా అని, అయిందిరా అన్నాక కదిలేవాడు. ఒక్కరోజు తప్పలా.

ఏమైందంటే, ఎండలు ముదిరేసరికి కారులో ఛార్జింగ్ నిలవటం మానేసింది. అంతకుముందు టౌనుకి పోయొచ్చినా సగానికి పైన మిగిలేది. ఇప్పుడు ఇల్లు చేరేసరికి అడుగంటుతోంది. కాలు తీస్తే నెమ్మదయ్యే బండి, ఇప్పుడు నిలబడేపోతోంది. దిగినప్పుడు ఏదో మాడినట్టు వాసన. వీడికి గుబులు పట్టుకుంది. ఊళ్ళో తలకో మాట. బ్యాటరీ పోయిందని ఒకడు, ఉప్పుగాలికి కరెంటు కారిపోతోందని ఒకడు. ఇంకొకడు ఇంకా గొప్పోడు, అంకమ్మరావు దొంగతనంగా బాడుగలకి తిప్పుతున్నాడు, అందుకే ఛార్జింగ్ ఉండట్లా అన్నాడు. ఆ మాట వీడి చెవిన పడి రెండు రోజులు అన్నం తినలేదంట. షోరూముకి తీసుకుపోయాడు. చొక్కా మీద పేరు కుట్టిచ్చుకున్న ఆయన వచ్చి, కారుకి తీగ పెట్టి, కంప్యూటర్లో చూసి, అంతా పచ్చగా ఉంది, బండికేం రోగం లేదు, నువ్వు ఏసీ తగ్గిచ్చుకో అన్నాడంట. అంత పెద్ద షోరూములో కిందకి వొంగి చక్రం మీద చెయ్యి పెట్టినోడు ఒక్కడు లేడు. వీడూ పెట్టలేదనుకో. కరెంటు బండికి జబ్బు చేస్తే కరెంటులోనే ఉంటదని అందరూ అనుకున్నారు. ఇంటికొచ్చి అక్కతో చెప్పుకుంటే, ఆమె, ఊరందరి కళ్ళూ నీ బండి మీదే గదరా, దిష్టి ఎక్కువైంది అన్నది. మర్నాటి నుంచీ గుప్పెడు కాదు, రెండు గుప్పిళ్ళు కరిగిచ్చింది.

అట్టా ఉండగా ఏడుకొండలు పెళ్ళాం మల్లేశ్వరికి నొప్పులొచ్చినయ్యి. మళ్ళల్లో ఉప్పు లాగే పిల్ల, మొదటి కాన్పు. పొద్దున తొమ్మిదింటికి ఏడుకొండలు పరిగెత్తుకుంటా వచ్చి, అన్నా కారు తియ్యి అన్నాడు. ఛార్జింగ్ చూస్తే సగానికి తక్కువుంది. పాత రోజులైతే ఆ సగంతో పోయిరావచ్చు. అంబులెన్సుకి చెప్పమందామా అని ఒక్క నిమిషం అనుకున్నాడంట వీడు. పన్నెండోది కూడా నా బండిలోనే అనుకుని, ఎక్కిచ్చుకుని పోయాడు. పది కిలోమీటర్లు పోయేసరికి అంకె గబగబా పడిపోతోంది. రైలు గేటు దాటేసరికి ఎనక నుంచి పొగ. దిగి చూస్తే ఎడం చక్రంలోంచి వస్తోంది. మల్లేశ్వరి తాగే నీళ్ళ సీసా తీసుకుని దాని మీద పోస్తే, కాలిన పెనం మీద పోసినట్టు బుస్సుమన్నయ్యి. ఇంక ఆగేదానికి లేదు. మళ్ళీ ఎక్కాడు, తొక్కాడు. ఎంత తొక్కినా, బండిని ఎనక నుంచి ఎవరో కట్టేసినట్టు ఈడుస్తోంది. టౌను ఏడు కిలోమీటర్లుందనంగా కాలవ వంతెన మీద నిలబడిపోయింది. అటుపోయేది ఇటుపోయేది అన్నిటికీ చేతులడ్డం పెట్టారు. చివరికి ఒక రొయ్యల వ్యాను ఆగింది. పెట్టెలు రోడ్డు మీద దించి, ఐసు నీళ్ళు కారతా ఉన్న ఆ తడిలోనే ఆ పిల్లని పడుకోబెట్టి తీసుకుపోయారు. ముప్పావుగంట పోయింది అక్కడ. తల్లి దక్కింది. బిడ్డ దక్కలా. మగపిల్లోడంట. కొంచెం ముందు తెచ్చుంటే అని డాక్టరమ్మ ఆ మాట సగంలో ఆపేసిందంట.

ఆసుపత్రి వరండాలో ఏడుకొండలు తిట్టలా, కొట్టలా. వచ్చి పక్కన నిలబడి, "బండి బాగలేదని నీకు తెలుసా అన్నా?" అని అడిగాడు. అంకమ్మరావు, "బాగలేదని తెలుసు తమ్ముడా. ఏం బాగలేదో తెలవదు," అన్నాడు. ఏడుకొండలు తలూపి లోపలికి పోయాడు. తిట్టుంటే బాగుండేదని వీడు నాతో ఎన్నిసార్లన్నాడో.

వంతెన అవతల ఖాదర్‌వలీ అని ఒక పాత లారీ మెకానిక్కు. ఆయన షెడ్డుకి కారుని కట్టి లాక్కుపోయారు. మర్నాడు వీడు పోతే, ఆయన ముందు నేను చూడనన్నాడంట. నాకు కరెంటు తెలవదయ్యా, చక్రం తెలుసు అన్నాడు. చక్రమే చూడు ఖాదర్ భాయ్ అన్నాడు వీడు. ఆయన జాకీ పెట్టి ఒక్కో చక్రం లేపాడు, చేత్తో తిప్పాడు. ముందువి రెండూ తిరిగినయ్యి. ఎనక కుడిది గొణుక్కుంటా గొణుక్కుంటా తిరిగింది. ఎనక ఎడందానికి రెండు చేతులూ ఏసి లాగినా కదల్లా. అప్పుడాయన, నీ బ్యాటరీకి ఏం కాలా, బ్రేకులు పట్టేసినయ్యి, తొక్కకుండానే పట్టుకుని ఉన్నయ్యి అన్నాడు. చక్రం ఊడదీసి చూపిచ్చాడు. లోపల గుండ్రటి ఇనప పళ్ళెం ఉంటది, దాన్ని రెండు పక్కలా పట్టుకునేది ఒకటుంటది, పట్టకారు లాగా. తొక్కితే పట్టుకోవాల, వదిలితే వదలాల. అది అటూ ఇటూ జరిగేదానికి లోపల రెండు పిన్నులుంటయ్యి. ఆ పిన్నులు తుప్పు పట్టి బిగుసుకుపోయినయ్యి. ఎర్రటి తుప్పు మీద తెల్లగా పొరలు పొరలుగా పేరుకుని ఉంది. ఖాదర్ భాయ్ గోటితో గీకి నాలిక మీద ఏసుకున్నాడు. సముద్రంలో దించావా ఏంది బండిని అని అడిగాడు. లేదన్నాడు వీడు. అప్పుడు ఖాదర్ భాయ్, మరి ఇది గాలికి పట్టిన ఉప్పు కాదబ్బాయ్, పోసిన ఉప్పు. అన్నిటికీ పోశారు, దీనికి ఎక్కువ పోశారు. పెట్రోలు బండైతే రోజుకి వందసార్లు తొక్కుతారు, ఆ రాపిడికి తుప్పు ఎప్పటిదప్పుడు పోద్ది. నువ్వు తొక్కినట్టే లేదు, అది పెరుగుతా కూచుంది, అన్నాడు.

అంకమ్మరావుకి అప్పుడు తెలిసింది. అక్కడే ఆ నూనె మరకల్లో కూలబడ్డాడంట. ముందు కాస్త కాస్త, చివరిదానికి చెంబుడూ. అక్క చెయ్యి కళ్ళ ముందు కనపడిందంట వాడికి, గాజుల్లేని చెయ్యి, చెంబు వొంచతా. లేచి, భాయ్, ఎవరన్నా అడిగితే ఈ ఉప్పు సంగతి చెప్పబాక అన్నాడు. ఖాదర్ భాయ్ వాడి ముఖం చూసి, అడిగితే తుప్పు అంటా, అది అబద్ధం కాదుగా అన్నాడు. అంతకు మించి అడగలా. మంచోడు ఆయన.

సంఘం కూచుంది. వీడు లేచి, నేను బ్రేకులు చూపిచ్చుకోలా, తప్పు నాదే అన్నాడు. సగం నిజమేలే. తాళం తీసేసుకున్నారు. పక్కూరి నుంచి ఇంకొకణ్ణి కుదుర్చుకున్నారు. సరే, అయిపోయింది గదా అనుకుంటారు మీరు. కాలా. ఇంటికొస్తే పిచ్చమ్మ గడప మీద కూచుని ఏడుస్తోంది. ఎందుకంటే, ఆ రోజు మల్లేశ్వరి అరుపులకి హడావుడి పడి, ఆమె చెంబు తెచ్చేలోపల కారు పోయింది. ఒక్కరోజు తప్పని మనిషి ఆ ఒక్కరోజు తప్పింది. "నేను పొయ్యలేదురా ఆ రోజు. అందుకే గదా బిడ్డ పోయింది," అని తల కొట్టుకుంటోంది. ఇప్పుడు వీడేం చెయ్యాల? కాదక్కా, నువ్వు పొయ్యకపోవటం వల్ల కాదు అని చెప్పాలంటే, మరి దేనివల్ల అనేది కూడా చెప్పాల. పక్కన కూచుని కాళ్ళు పట్టాడంట, అంతే.

ఎనిమిది రోజులకి కారు బాగై వచ్చింది. సంఘం ముందు పెట్టి కొబ్బరికాయ కొడతన్నారు. మల్లేశ్వరి కూడా వచ్చి ఒక పక్కన నిలబడుంది, ముఖంలో నెత్తురు లేదు. అప్పుడు జనాన్ని తోసుకుంటా పిచ్చమ్మ వచ్చింది, చేతిలో చెంబు కాదు, బిందె. ఈసారి ఎవరి బిడ్డకీ ఏం కాకూడదని, ఎంత ఉప్పు కరిగిచ్చిందో, నీళ్ళు తెల్లగా ఉన్నయ్యంట. కారు చుట్టూ తిరగటం మొదలుపెట్టింది. అంకమ్మరావు ముందుకి జరిగాడు. ఆపాల. ఎట్టా ఆపాల? ఈ రోజు ఆపితే రేపు పోసుద్ది, ఎవరూ లేనప్పుడు వచ్చి పోసుద్ది, ఆమె సంగతి వాడికి తెలుసు. నిజం చెప్తే మల్లేశ్వరి అక్కడే ఉంది, ఊరంతా అక్కడే ఉంది. మూడో చుట్టు తిరుగుతోంది. వీడు పోయి బిందె లాక్కుని, అందరి ముందూ, "ముండమోసిన చెయ్యి ఇంక ఈ బండి మీద పడగూడదు," అన్నాడు.

ఏ మాట ఊళ్ళో ఇంకొకడు అంటే వీడు కర్రెత్తుకుని మీదకి పోయేవాడో, ఆ మాట వీడే అన్నాడు. వాడి లెక్కేందంటే, అక్క చెంప పగలగొట్టుద్ది, తిట్టిపోసుద్ది, ఏడాది మాట్లాడదు, మాట్లాడకపోతే మాట్లాడకపోనీ, కోపమొస్తే ఇంక ఆ కారు మొహం చూడదు గదా అని. ఆమెకి కోపం రాలా. బిందె వంక చూసింది, తర్వాత తన చెయ్యి వంక చూసుకుంది. మెల్లిగా, "ముందే అనుండాల్సింది తమ్ముడా," అన్నది. "ముందే అనుంటే నేను పోసేదాన్నే కాదు. ఆ పిల్ల బిడ్డ దక్కేవాడు."

ఆ మాట అని, కొంగుతో చెయ్యి తుడుచుకుంటా ఇంటికి పోయింది. చూశారా మరి. ఏది ఆమెకి తెలవకూడదని వీడు ఇంత పాపం మూటగట్టుకున్నాడో, అది ఆమె నోటెంటే వచ్చింది. ఉప్పు సంగతి తెలవదు, పిన్నుల సంగతి తెలవదు, అయినా బిడ్డ తన చేత్తోనే పోయాడని నమ్మింది. వీడు ఎనకాలే పోయి అది కాదక్కా అనబోయి, ఏది కాదు అని ఆగిపోయాడంట. ఏ దారిన చెప్పినా చెయ్యి ఆమెదే అయితోంది.

తర్వాత ఆరేళ్ళు బతికింది. తమ్ముడికి వండిపెట్టింది, మాట్లాడింది కూడా, మామూలుగానే. కానీ వీధిలో ఏ బండి చప్పుడైనా లోపలికి పోయి తలుపేసుకునేది. మల్లేశ్వరికి రెండో కాన్పుకి కారు తీస్తుంటే పెరట్లోకి పోయి, చేతులు రెండూ చంకల్లో పెట్టుకుని గోడ వైపు తిరిగి నిలబడిందంట, కారు ఊరు దాటిందాకా. ఆడపిల్ల, బాగానే పుట్టింది. పిచ్చమ్మ అది విని, నేను ఎదురు రాలా, అందుకే అని సంతోషపడింది. పోయినప్పుడు కూడా ఆ నమ్మకంతోనే పోయింది.

దినం నాడు అంకమ్మరావు ఇదంతా నాకు చెప్పాడు. ఆమె ఉండగా నాకూ తెలవదు, తెలిసినా ఈ కథ నోటెంట రానిచ్చేవాణ్ణి కాదు. ఇప్పుడంటే అడిగేవాళ్ళు లేరు కాబట్టి చెప్తన్నా. వాడు ఖాదర్ భాయ్ షెడ్డు నుంచి వచ్చిన రోజే ఉన్నది ఉన్నట్టు చెప్పుండాల్సింది అంటారా? నేనూ అంతే అనుకుంటా ఒక పూట. ఇంకో పూట, చెప్పుంటే ఆమె ఆరేళ్ళు బతికేదా అనుకుంటా. ఎటూ తేలదు. మీలో ఎవరికన్నా తేలితే నాకు చెప్పండి, వింటా. అంకమ్మరావుకి మాత్రం చెప్పబాకండి.