రెండూ కాకపోతే ఆగిపో

పరీక్షల గది. బల్ల మీద కొత్త వెంటిలేటరు. ఒకవైపు బావ, ఎదురుగా ఆయన కింద ప్రోగ్రాములు రాసే బామ్మర్ది. గొట్టం ఊడదీసి అయిదు నిమిషాలైనా అలారం కిక్కురుమనలేదు.

"ఇంకోసారి లాగు."

"మూడుసార్లు లాగాను బావా. మోగట్లేదు."

"కోడంతా సరిచూసే కంపైలరు ఒక్క తప్పైనా చూపించిందా? లేదుగా! సంతకం పెట్టు. కింద లారీకి ఎక్కిస్తున్నారు."

"చూపించదు. మిషన్లో మొదటి రకం బోర్డుంటే ఒక హెడరు ఫైలు కలుపుకోవాలి, రెండో రకమైతే ఇంకోటి, రెండూ కాకపోతే కంపైలే ఆగిపోవాలి. ఆ ఆపే లైను పీకేశారు. ఇదేమో మూడో రకం. అలారం కోడు అసలు లోపలికే రాలేదు."

"పీకేశారేంట్రా, పీకేశారు! పీకింది నువ్వే. మార్పుల రికార్డులో నీ పేరే ఉంది."

"చూశాను."

"చూసి కూడా నోరు లేస్తోందా? నలుగురి కాళ్ళు పట్టుకుని ఉద్యోగం ఇప్పించాను. తిన్నింటి వాసాలు లెక్కపెడతావా?"

"నా పాస్‌వర్డు ఇంకెవరికి తెలుసు?"

"మాట మార్చకు."

"ఇంకెవరికి తెలుసు బావా?"

"సంతకం పెట్టమన్నానా!"

"ఆ రికార్డులో తేదీ చదువు."

"చదవను."

"చదువు!"

"...పద్నాలుగు. మధ్యాహ్నం మూడుంబావు. అయితే?"

"అక్కకి కాన్పైన రోజు. తెల్లారుజాము నుంచీ నేను ఆసుపత్రిలోనే ఉన్నాను. ఆఫీసులో పనుందని రానిది నువ్వు."

"కాన్పుకి రాకపోతే నేనే పీకినట్టా?"

"ఇప్పుడు చెప్పు, ఎవరు పీకారు?"

"ఆ లైను వల్ల కంపైలు ఆగిపోయిందిరా. పైవాళ్ళు నెత్తి మీద కూర్చున్నారు. ఒక్క లైనేగా, తర్వాత సరిచేద్దామనుకున్నా. మర్చిపోయా."

"నా పేరు మీదా?"

"సొంతవాడివి, కడుపులో పెట్టుకుంటావనుకున్నా."

"సిగ్గులేదూ? నలభై మిషన్లు బావా. నలభై మంచాలు."

"గోరంతలు కొండంతలు చెయ్యకు. గొట్టాలు ఊరికే ఊడిపోతాయా? ఊడినా నర్సులుంటారు, చూసుకుంటారు."

"ఊడిపోతాయి. ఆ రోజు సాయంత్రమే ఊడింది, నా కళ్ళముందు అద్దానికి అవతల. నర్సు పక్కగదిలో ఉంది. మన పాత మిషను గోలపెడితే పరిగెత్తుకొచ్చింది."

"ఎవరిది?"

"వద్దులే."

"ఎవరిదిరా ఆ గొట్టం?"

"నీ కూతురిది. పుట్టగానే ఊపిరందక ఒక పూట మిషను మీద పెట్టారు. పనిలో ఉన్నావు, కంగారుపడతావని అక్క చెప్పొద్దంది."