ఆయన అన్న మాట

అదేమిటండీ, అలా మొహం గోడవైపు తిప్పేసుకుంటే ఎలా? చొక్కా మార్చొద్దూ? కాసేపట్లో వచ్చేస్తారు ప్రార్థనవాళ్లు. ఈ నలిగిన బనీనులో మిమ్మల్ని చూస్తే, నేను సరిగా చూసుకోవట్లేదనుకోరూ?

అబ్బ, ఆ చెయ్యి బిగబట్టకండి. కుడిచెయ్యి పడిపోయిందన్నాడు గానీ, ఎడమచెయ్యి ఇంత మొండిదని డాక్టరు చెప్పలేదు.

ఇదిగో, ఇటు చూడండి. మీతో ఒక మాట తేల్చుకోవాలి. రేపు చర్చిలో నన్ను సాక్ష్యం చెప్పమంటున్నారు. మైకు ముందు, అందరి ఎదుటా. మీరు 'ఆమెన్' అన్నారని.

అన్నారా మీరు?

పోయిన శనివారం కూడికలో మీ మంచం చుట్టూ అందరూ నిలబడి, తలమీదా కాళ్లమీదా చేతులు పెట్టి ప్రార్థన చేస్తున్నారు. మన గ్రూపు లీడరు టీచరమ్మ గొంతు తెలుసుగా, రిటైరైనా ఇంకా వెనక బెంచీకి వినబడాలన్నట్టే ఉంటుంది. 'ఈ నోరు తెరువు ప్రభువా!' అన్నారావిడ. మీరు తెరిచారు. పక్షవాతం వచ్చిన ఇన్ని నెలల్లో మొదటిసారి. "ఆ... ప్... న్" అన్నారు.

అంతే, ఇల్లు లేచిపోయింది! 'ఆమెన్ అన్నాడు! అన్నయ్య ఆమెన్ అన్నాడు!' అని. టీచరమ్మ వలవలా ఏడ్చేశారు. మన గ్రూపులోని వెల్డింగ్ తమ్ముడు నేలమీద మోకాళ్లూని కూలబడిపోయాడు.

నేనా? మంచం కోడు పట్టుకుని నిలబడిపోయాను.

ఊళ్లో సగం మందికి కారు నేర్పిన మనిషి మీరు. పక్క సీట్లో కూర్చుని రోజంతా అదే మాట, 'ఆపండి, ఆపండి!' నాకూ నేర్పారుగా. పెళ్లయ్యాక నన్ను 'మీరు' అన్నది ఆ స్టీరింగు ముందే! నిద్రలో కూడా అదే కలవరింత. ఆ మాట ఎన్ని ముక్కలై వచ్చినా పోల్చుకోలేనా?

'ఆపండి' అన్నారు మీరు. అవునా? కళ్లు మూసుకోకండి. మూసుకుంటే నేనేమనుకోవాలి?

అప్పుడే చెప్పొచ్చుగా అంటారు. మీకేం, పడుకుని ఉన్నారు! చెబుదామనే వెళ్లానండీ, మొన్న టీచరమ్మ ఇంటికి. 'అమ్మా, ఆయనన్నది ఆ మాట కాదేమో' అన్నాను. కోప్పడితే బాగుండేది. తల నిమిరారు. 'అలిసిపోయావమ్మా. అలిసిపోయినప్పుడే అనుమానాలొస్తాయి. నీ బదులు మేం నమ్ముతాంలే' అన్నారు. టీ ఇచ్చారు. ఇంటికొచ్చేసరికి గ్రూపులో అందరికీ కబురెళ్లిపోయింది, నా అనుమానం పోవాలని ప్రార్థన చేయమని! ఒకటే ఫోన్లు.

చెడ్డవాళ్లయితే మొహమ్మీద తలుపేసేదాన్ని. మంచివాళ్లు. అదే నా ప్రాణానికొచ్చింది. మీ తోడబుట్టినవాళ్లు ఒక్కరైనా గడప తొక్కారా? ఆ వెల్డింగ్ తమ్ముడు రోజు మార్చి రోజు పనిలోంచి తిన్నగా వచ్చి, మిమ్మల్ని పసిపిల్లాడిలా ఎత్తి, స్నానం చేయించి వెళుతున్నాడు. ఈ నడుంనొప్పితో నేనొక్కదాన్నే ఎత్తగలనా? వాళ్లు రావడం మానేస్తే మనిద్దరం ఏమైపోవాలి?

నిన్న అతనేమన్నాడో మీరూ విన్నారుగా. మీ వీపు రుద్దుతూ, నవ్వుతూ, 'అన్నయ్య నోరు తెరిచిన దేవుడు మా పాప చెవులు తెరవడా అక్కా?' అని. పుట్టుకతోనే చెవుడు ఆ పిల్లకి. చెవి మిషను కొలతలకి ఆసుపత్రికి రమ్మంటే వెళ్లలేదట. 'ఇంకా మిషనెందుకక్కా' అంటాడు!

'అది కాదు తమ్ముడూ, మిషను పెట్టించు' అన్నాను. ఒక్క చూపు చూశాడు. 'అయితే నువ్వు నమ్మట్లేదా అక్కా?' అన్నాడు. ఒళ్లంతా సబ్బుతో మీరు అతని చేతుల్లో ఉన్నారు. ఇంకేమంటాను? ఈసారి నోరు పడిపోయింది నాదండీ.

ఇంతకీ ఏది ఆపమన్నారు మీరు? ప్రార్థనా? మందులా? మొత్తం అంతానా? వేలు కదపండి. పోనీ, కదపొద్దులెండి. తెలిసి నేనేం చేయగలను?

నాకూ ఆ మాట నోటిదాకా వస్తూనే ఉంటుంది. మీ పక్కబట్టలు ఉతుకుతున్నప్పుడు, వాళ్లు పాటలు పాడుతున్నప్పుడు, టీచరమ్మ నన్ను దగ్గరికి తీసుకున్నప్పుడు. ఎవరితో అనను? మీకు ఒక్కసారైనా బయటికొచ్చింది. నాకు ఆ అదృష్టమూ లేదు.

అందుకని రాత్రంతా ఆలోచించి ఒకటి అనుకున్నాను. రేపు మీరు ఆమెన్ అన్నారనే చెబుతాను. చెప్పి, ఆ పాపకి మిషను పెట్టించమని దేవుడు నాకు ప్రార్థనలో చెప్పాడని కూడా అంటాను. నా మాటైతే వినడు గానీ, దేవుడి మాటంటే ఆ తమ్ముడు పరిగెత్తుకెళతాడు. ఎటూ ఒక అబద్ధం ఆడుతున్నదాన్ని, రెండోదానికి ఏం బెదురు?

అలా చూడకండి. మరో దారుంటే మీరే చెప్పండి.

అదిగో, గేటు తీస్తున్నారు. టీచరమ్మ గొంతు వినపడుతోంది. మొహం ఇటు తిప్పండి, తుడుస్తాను. ఏడ్చినట్టు కనబడకూడదు, కనబడితే అదీ ఆనందబాష్పాలంటారు.

ఇవాళ మళ్లీ ఆ మాట అనకండి, మీకు దణ్ణం పెడతాను. అన్నా ఫరవాలేదులెండి. అందరికన్నా ముందు నేనే 'దేవునికి స్తోత్రం' అనేస్తాను.